అనలిస్ట్ మొదట ఏం చేయాలి?

ఫిబ్రవరిలో కెరూబో పరీక్ష తప్పింది. మార్చిలో కొత్త యాజమాన్యం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించింది. జూలై ఒకటి నుంచి బిజినెస్ అనలిస్ట్ సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ పనిలో ఉండరు, కింది అంతస్తులో అంకెలు ఎక్కించే విభాగానికి వెళతారు. జీతం మారదు. పని మారుతుంది.

నైరోబీ ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ పాల కంపెనీలో కెరూబో పద్నాలుగేళ్లుగా అనలిస్టు. ఆమె పని రెండు వర్గాల మధ్య నిలబడటం. ఒక వైపు పాలు పోసే రైతులు, తూకం వేసే గుమస్తాలు, బండి డ్రైవర్లు. ఇంకో వైపు కంప్యూటర్లో ప్రోగ్రాములు కట్టేవాళ్లు. వీళ్లకేం కావాలో అడిగి తెలుసుకుని, వాళ్లకు అర్థమయ్యేలా రాసిపెట్టాలి. పరీక్షకు కూర్చోవాలంటే ఏడున్నర వేల గంటల పని చూపించమన్నారు. ఆమె దగ్గర అంతకు మూడింతలున్నాయి. గంటలు చాలాయి కానీ మార్కులు చాలలేదు.

రెండోసారి రాయడానికి మే ముప్పై ఒకటి, శనివారం దొరికింది. అది దాటితే తర్వాతి ఖాళీ జూలై తొమ్మిది. అంటే ఒకటే అవకాశం.

కిప్రోనో అనలిస్టుల విభాగంలో అందరికంటే చిన్నవాడు. ఇరవై ఆరేళ్లు. కంపెనీలో చేరి రెండేళ్లయింది. పరీక్ష మొదటి దెబ్బకే పాసయ్యాడు. మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్‌లో కూర్చుని కెరూబోకు చెప్పడానికి ఒప్పుకున్నాడు. బదులుగా ఆమె తన చపాతీల్లో ఒకటి ఇవ్వాలి.

ఏప్రిల్ మూడో వారంలో ఆమె మొదటి నమూనా పరీక్ష రాసింది. నూట ఇరవై ప్రశ్నలు. అరవై ఒకటి సరిపోయాయి. కిప్రోనో ఆ కాగితాలు రాత్రి ఇంటికి పట్టుకుపోయి, మర్నాడు ఎర్ర గీతలతో తిరిగి తెచ్చాడు.

"అక్కా, మీరు తప్పినవి యాభై తొమ్మిది. అందులో నలభై ఒకటి ఒకే తప్పు."

"ఒకే తప్పు నలభై ఒక్కసార్లు చేశానా?"

"నలభై ఒక్కసార్లు టీకి వెళ్లారు."

అతను ఒక ప్రశ్న మీద వేలు పెట్టాడు. సమావేశంలో ఒక పెద్ద సభ్యుడు ఏమీ మాట్లాడటం లేదు. అనలిస్ట్ మొదట ఏం చేయాలి? ఒకటి, ఆయన పై అధికారికి చెప్పాలి. రెండు, అందరూ నోరు విప్పే పద్ధతి ఒకటి ఎంచుకుని చర్చ నడపాలి. మూడు, సమావేశం అయ్యాక ఆయన్ను విడిగా కలవాలి. నాలుగు, మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకోవాలి.

కెరూబో మూడో జవాబు పెట్టింది. పరీక్షకు చదివే పుస్తకం రెండో జవాబు అంటుంది.

"నువ్వు ఓల్ కలో ఊరికి వెళ్లావా ఎప్పుడైనా?" అంది కెరూబో.

"లేదు."

"అక్కడ పెద్దాయన గథువా ఉంటాడు. పాల సంఘం అధ్యక్షుడు. ఆయన పక్కన ఇద్దరు అల్లుళ్లు కూర్చుంటారు. అల్లుళ్ల ముందు ఆయన్ను నిలదీసి, 'అయ్యా, మీరేమీ మాట్లాడటం లేదే' అని అడిగావనుకో. 'అంతా బాగుంది' అంటాడు. ఆ అంతా బాగుందిని నువ్వు రాసుకుని వస్తావు. మర్నాటి నుంచి పాలు రావు. పది గంటలకు టీ వస్తుంది. అందరూ లేచి నిలబడతారు. కప్పు చేతికొచ్చాక ఆయన నీ పక్కకొచ్చి, ఆవుల సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు సంగతి చెబుతాడు. నోటుబుక్కు మూస్తేనే నోళ్లు తెరుచుకుంటాయి."

"నిజమే కావచ్చు. కానీ ఈ ప్రశ్న రాసినవాడికి గథువా ఎవరో తెలీదు. వాడి సమావేశంలో అల్లుళ్లు లేరు. టీ రాదు."

"టీ లేని సమావేశం ఎక్కడుంటుంది?"

"పుస్తకంలో ఉంటుందక్కా. రాసినవాళ్లు కూడా తాగే ఉంటారు. రాయలేదంతే. ఇంకోటి చూడండి. సంతకం పెట్టినవాడు కాగితం చదివే పెట్టాడని పుస్తకం నమ్ముతుంది. మీరు నమ్మలేదు. ఆరుచోట్ల నమ్మలేదు."

"గథువా కళ్లజోడు నేనెప్పుడూ చూడలేదు మాస్టారూ. అది లేకుండానే సంతకం పెడతాడు."

కిప్రోనో ఆమె చపాతీ మడిచి బీన్స్‌లో ముంచాడు. "అయితే జూలైలో కింది అంతస్తులో కూర్చుని ఆ సంతకాలు కంప్యూటర్లో ఎక్కిద్దురు గానీ," అన్నాడు.

ఆ మాట ఆమెకు తగిలింది. ఎర్ర గీతల కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది.

డోన్‌హోమ్‌లో ఇంటికి చేరడానికి మటాటు వ్యానులో గంట పడుతుంది. ఆ గంటలో ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ఒక దేశం ఉంది. అక్కడి మనుషులు అడిగితే చెబుతారు. చెప్పిందే చేస్తారు. అల్లుడు పక్కనున్నా, పాస్టర్ ఎదురుగా ఉన్నా మాట మారదు. సంతకం పెట్టే ముందు చదువుతారు. చావులకు సెలవులుండవు, ఎందుకంటే ఆ ప్రశ్నల్లో ఎవరూ చావరు. పరీక్షలో ప్రశ్న కనిపించగానే ఇక్కడ ఏం చేస్తాం అని ఆలోచించకూడదు. అక్కడివాళ్లు ఏం చేస్తారు అని ఆలోచించాలి.

రాత్రి భర్తకు చెప్పింది. న్యాకుండి హైస్కూల్లో భూగోళం చెబుతాడు. జవాబు పత్రాలు దిద్దుతూ విన్నాడు.

"ఆ దేశానికి రాజధాని ఏది?"

"ఇంకా తేల్చలేదు. సమావేశం పెట్టి అందరినీ అడుగుతారట."

"తేల్చేలోపు వర్షాకాలం వెళ్లిపోతుంది," అని ఆయన ఎర్రసిరా పెన్ను విదిలించాడు.

ఉపాయం పనిచేసింది. రెండో నమూనా పరీక్షలో డెబ్బై ఎనిమిది. మూడోదానిలో ఎనభై ఎనిమిది. నాలుగోదానిలో తొంభై నాలుగు. ఎన్నిటికి పాసో పరీక్ష పెట్టేవాళ్లు బయటికి చెప్పరు. ఎనభై అయిదు దాటితే గట్టెక్కినట్టేనని కిప్రోనో లెక్క. తొంభై నాలుగు వచ్చిన రోజు అతను చపాతీ తీసుకోలేదు.

"ఇక మీరు చెప్పిన ఆ దేశం పౌరురాలు మీరే," అన్నాడు.

పరీక్ష మూడు వారాలుందనగా విభాగాధిపతి మ్వాకియో ఆమెను పిలిచాడు. తైతా ప్రాంతం మనిషి. బ్యాంకు నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. బల్ల మీద ఎప్పుడూ ఒక కాగితం కంటే ఎక్కువ ఉంచడు.

ఫ్యాక్టరీకి పాలు చాలడం లేదు. ఇన్నాళ్లూ బండి పొద్దుటి పాలు మాత్రమే తెచ్చేది. సాయంత్రం పాలు ఊళ్లోనే అటూ ఇటూ పోతున్నాయి. ఇక నుంచి సాయంత్రం కూడా బండి వెళ్లాలి. అదే తూకం, డబ్బు పడే అదే ఫోను లెక్క, సభ్యుడి పేరు మీద అదే ఖాతా. ముందు ఓల్ కలోలో మొదలుపెట్టాలి. సంఘం ఒప్పుకుంటే జూన్ రెండున ప్రోగ్రాము కట్టేవాళ్లకు అప్పజెప్పాలి.

"ఒక సమావేశం, ఒక సంతకాల కాగితం," అన్నాడు మ్వాకియో. "గురువారం వెళ్లు. మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. చదువుకోవాలి కదా నువ్వు."

గురువారం ఓల్ కలోలో పొగమంచు పట్టి ఉంది. సంఘం గదిలో పదమూడు మంది కోట్లు విప్పకుండా కూర్చున్నారు. గథువా మధ్యలో, అల్లుళ్లు చెరో పక్క. కెరూబో ఈసారి పుస్తకం ప్రకారం నడిపింది. ఒక్కో అంశం చదివింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. పదమూడు మందీ తమ నోటితో తాము బాగుందన్నారు. గుమస్తా తూకం గురించి ఒక సందేహం అడిగాడు, ఆమె తీర్చింది. గథువా కూడా మాట్లాడాడు. రెండో బండి డ్రైవరు ఎవరని అడిగాడు. పదికి అయిదు నిమిషాలుండగా సంతకాలు పూర్తయ్యాయి. ఆ దేశంలో జరిగినట్టే జరిగింది.

ఆమెను తీసుకొచ్చిన కంపెనీ కారు డ్రైవరు తలుపు దగ్గరికొచ్చి తాళాలు ఆడించాడు. ఇప్పుడు బయల్దేరితే ఘాట్ రోడ్డు మీద లారీలు తగలవు. సాయంత్రం అయిదో నమూనా పరీక్ష రాద్దామని ఆమె అనుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. అంతలో టీ కెటిల్ వచ్చింది. టీ వచ్చాక గడప దాటితే, ఆ గడప మళ్లీ తొక్కనక్కర్లేదు. ఆమె కప్పు తీసుకుంది.

మగవాళ్లు ఆవుల ధరలు మాట్లాడుకుంటున్నారు. కెరూబో కప్పు పట్టుకుని వెనక వంటపాకలోకి వెళ్లింది, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని. అక్కడ వాన్గెచి అనే ఆమె రెండో కెటిల్ నింపుతోంది. సంఘం గుమస్తా భార్య. యాభై దాటి ఉంటాయి.

"ఇక సాయంత్రం కూడా బండి వస్తుందమ్మా," అంది కెరూబో. "పాలు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరగక్కర్లేదు."

"వస్తుంది. ఖాళీగా వచ్చి ఖాళీగా పోతుంది. డ్రైవరుకు షికారు."

"ఎందుకని?"

వాన్గెచి కెటిల్ మూత పెట్టింది. "పొద్దుటి పాలు మా ఆయనవి. సాయంత్రం పాలు నావి. మా అమ్మ నాడూ అంతే. ఆ పాలతోనే ఉప్పూ కిరోసినూ, పిల్లల పుస్తకాలూ. మీ ఫోన్లో రెండు పూటలవీ ఒకే పేరు మీద పడతాయట కదా. ఎవరి పేరు? నా పేరా?"

కెరూబో కప్పు కింద పెట్టింది. పేరు సభ్యుడిది. సభ్యుడు భర్త.

"లోపల ఎవరూ ఈ మాట అనలేదు," అంది.

"లోపల కూర్చున్నవాళ్లలో ఆవు కింద కూర్చునేవాడు ఒక్కడుంటే చూపించు, నేను వాడికి కాళ్లు కడుగుతా." ఆమె నవ్వి, వెంటనే ఆపేసింది. "నేనన్నానని రాయకు."

"రాయను," అంది కెరూబో.

తిరుగుదారిలో ఆమె ఒక సంగతి గమనించింది. లోపలి మగవాళ్లు అబద్ధమాడలేదు. గథువా ఏదీ దాచుకోలేదు. వాళ్లకు నిజంగానే అభ్యంతరం లేదు. వాళ్లతో ఎన్ని కప్పుల టీ తాగినా ఈ మాట వచ్చేది కాదు.

మర్నాడు ఆమె నివేదిక రాసింది. పదమూడు సంతకాలు జతచేసింది. చివర ఒక వాక్యం చేర్చింది. "సభ్యుల్లో కొందరికి సందేహాలున్నాయి." పద్నాలుగేళ్లుగా ఇలాంటి సందర్భాల్లో ఆమె రాసే వాక్యం అదే. పాత అధిపతి ఆ వాక్యం చూస్తే తలుపు వేసి, ఏమిటి సంగతి అని అడిగేవాడు. నోటితోనే సర్దుబాటు జరిగిపోయేది.

మ్వాకియో తలుపు వేయలేదు.

"కొందరంటే ఎవరు?"

"పేరు చెప్పలేను సార్."

"సంతకాలు పదమూడున్నాయి. ఈ పదమూడులో ఎవరికి సందేహం?"

"వీళ్లలో ఎవరికీ కాదు."

"అయితే నీ జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నారు. జాబితాలో లేనివాళ్లు ఎవరో ఏదో అన్నారు. అంతేనా?"

"అంతే సార్."

"కెరూబో, నేను డైరెక్టర్ల బోర్డు ముందు 'ఎవరో ఏదో అన్నారు' అని చెప్పి రెండు నెలలు ఆగలేను. ముప్పయ్యో తేదీ సాయంత్రం దాకా ఆగుతాను. ఎవరు అన్నారో, ఏమన్నారో, ఎవరు సాక్షో కాగితం మీద తే. లేకపోతే రెండున పని మొదలవుతుంది."

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె పుస్తకం తెరవలేదు.

"ఇవాళ నేను ప్రశ్న అడుగుతాను," అంది కిప్రోనోతో. "సంఘం ఒప్పుకుంది. సంతకాలైపోయాయి. తర్వాత, పొయ్యి దగ్గర ఒకామె, ఈ పని జరగదంది. కారణం చెప్పింది. తన పేరు రాయొద్దంది. అనలిస్ట్ మొదట ఏం చేయాలి?"

"ఆమె ఎవరు?"

"పేరు రాయొద్దందన్నాను కదా."

"పేరు కాదు. జాబితాలో ఏ వరసలో ఉంది?"

అది పుస్తకంలోని మూడో అధ్యాయం. పని మొదలుపెట్టేముందు దానితో సంబంధం ఉన్నవాళ్లందరి జాబితా రాయాలి. కెరూబో ఆ అధ్యాయం మీద ఎప్పుడూ ఎక్కువసేపు కూర్చోలేదు. తనకు బాగా వచ్చినదని అనుకునేది.

"లేదు," అంది.

"జాబితాలో ఎవరున్నారు?"

"అధ్యక్షుడు, కార్యదర్శి, గుమస్తా, డ్రైవరు, పదిమంది దాకా సభ్యులు."

"సాయంత్రం పాలు ఎవరు పితుకుతారు?"

"ఆడవాళ్లు."

కిప్రోనో అలవాటు చొప్పున ఏదో ఎగతాళి చేయబోయి మానేశాడు.

కెరూబో లేచి తన బల్ల దగ్గరికి వెళ్లింది. పాత పనుల జాబితాలు ఒక్కొక్కటే తెరిచింది. పద్నాలుగేళ్లు, తొమ్మిది పనులు, మూడు వందల పైచిలుకు పేర్లు. పాలు పోసేవాళ్లలో ఆడవాళ్లు ఇద్దరు. ఇద్దరూ విధవలు. ఖాతా తమ పేరు మీదే ఉన్నవాళ్లు. మిగతా ఆడవాళ్లంతా నివేదికల చివర ఉన్నారు, "కొందరు" అనే మాటలో. ఆమెకు తెలిసిన సంగతుల్లో సగం వాళ్లు చెప్పినవే.

కిప్రోనో వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"రాయొద్దని వాళ్లే అంటారు," అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా.

"పేరు రాయొద్దన్నారు. మేం లేమని అనలేదు కదక్కా."

"పేరు లేకుండా ఎలా రాస్తాను?"

"పుస్తకం పేరు అడగదు. పని అడుగుతుంది. 'సాయంత్రం పాలు పితికేవాళ్లు' అని ఒక వరస. అంతే."

ఆమె ఆ వరస రాసింది. తర్వాత గథువాకు ఫోన్ చేసింది. ఆవులు, వాన, మోకాలి నొప్పి అయ్యాక అసలు సంగతి చెప్పింది. ఆడవాళ్లతో ఒకసారి కూర్చోవాలి.

"నాతో మాట్లాడితే వాళ్లతో మాట్లాడినట్టే," అన్నాడు గథువా.

"అవును పెద్దాయనా. మీతో మాట్లాడాను. ఇప్పుడు మీరుండగానే వాళ్లతో కూడా మాట్లాడతాను."

గథువా అవతల ఎవరినో తేదీ అడిగాడు.

"ముప్పయ్యో తేదీ, శుక్రవారం. రెండింటికి. చర్చి హాలు."

ఆమె కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది.

"శుక్రవారమా?" అన్నాడు కిప్రోనో. "శనివారం పొద్దున్నే పరీక్ష! ఇంకో రోజు అడగలేకపోయారా?"

"అడిగి పెట్టించుకున్న ముహూర్తం. నేనే మార్చమంటే, సమావేశమే అక్కర్లేదని ఆయనకు అర్థమవుతుంది."

"అయితే నేను వెళ్తాను. మీరు చదువుకోండి."

"నువ్వెళ్తే పదిమంది నీకు టీ పోస్తారు. పెళ్లయిందా అని అడుగుతారు. ఒక్కరూ మాట్లాడరు."

శుక్రవారం ఇరవై ఏడుగురు వచ్చారు. కొందరు గొడుగులతో, కొందరు వీపున పిల్లలతో. గథువా తలుపు పక్కన కుర్చీ వేయించుకుని కర్ర మీద చేతులానించి కూర్చున్నాడు. అరగంట ఎవరూ పెదవి విప్పలేదు. కెరూబో అడిగినదానికల్లా అందరూ తలుపు వైపు చూశారు. వాన్గెచి మూడో వరసలో కూర్చుని ఎవరి బిడ్డకో టోపీ సరిచేస్తోంది.

నోరు విప్పని సమావేశానికి పుస్తకంలో పద్ధతులు ఏడున్నాయి. అందులో ఒకటి, ఎవరిదేదో తెలియకుండా అభిప్రాయం తీసుకోవడం. పుస్తకంలో కాగితాలు, పెట్టె. కెరూబో రెండు పాల క్యాన్లు తెప్పించింది. వాటి మీద చర్చి బల్లగుడ్డ కప్పించింది. ఒక్కొక్కరి చేతిలో ఒక మొక్కజొన్న గింజ పెట్టింది.

"ఎడమ క్యాను, సాయంత్రం పాలు ఇంటాయన ఖాతాలోకే. కుడి క్యాను, సాయంత్రం పాలకు వేరే ఖాతా, పితికినవాళ్ల పేరు మీద. గుడ్డ కింద చెయ్యి పెట్టి వేయండి. ఎవరిదెందులో పడిందో నాకూ తెలీదు, ఇంకెవరికీ తెలీదు."

ఇరవై ఏడుగురూ లేచి వరసగా వెళ్లారు. గింజ ఖాళీ క్యానులో పడితే చప్పుడవుతుందని వాన్గెచి ముందుగా రెండింటిలోనూ చెరో గుప్పెడు ఎండుగడ్డి వేసింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అయ్యాక కెరూబో క్యాన్లు గథువా ముందు పెట్టింది.

"మీరే లెక్కపెట్టండి పెద్దాయనా. మీరు చెప్పిందే రాస్తాను."

ఆయన గడ్డి తీసి పక్కన పెట్టాడు. గింజలు అరచేతిలో పోసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎడమ రెండు. కుడి ఇరవై అయిదు.

ఆ ఇరవై ఏడుగురిలో ఆయన భార్యా, ఇద్దరు కూతుళ్లూ ఉన్నారు.

"ఇంటికెళ్లి అడగొచ్చు," అన్నాడు చివరికి, గింజలు చూస్తూ. "కానీ సాయంత్రం టీలో పాలు ఎవరివో నాకు తెలుసు."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. ఆ తర్వాత గంటన్నర పాటు వాళ్లు మాట్లాడిందంతా రాసుకోవడానికి కెరూబో నోటుబుక్కులో పదకొండు పేజీలు పట్టాయి. ఫోను లేనివాళ్లు ఎందరు, కూతురి ఫోనుకు డబ్బు వస్తే చాలనేవాళ్లు ఎందరు, బండి ఆరున్నరకు ముందు వస్తే ఎందుకు కుదరదు. గథువా ఇరవై అయిదు, రెండు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. కోటు జేబులోంచి కళ్లజోడు తీసి, చదివే పెట్టాడు. ఆమె కాగితాన్ని అక్కడి నుంచే ఫొటో తీసి మ్వాకియోకు పంపింది. అయిదింటికి జవాబొచ్చింది. "సరే. ఖాతాలు వేరు చేసి మళ్లీ రాయి. పని జూన్ పదహారున మొదలుపెడదాం."

దారిలో బంగాళాదుంపల లారీ ఒకటి అడ్డంగా పడి ఉంది. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. న్యాకుండి ఉగాలి ముద్ద, ఆకుకూర మూతపెట్టి ఉంచాడు. ఆమె తిని పడుకుంది. పుస్తకం సంచీలోనే ఉంది.

పరీక్ష ఇంట్లోనే, కంప్యూటర్ ముందు. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలో చూస్తుంటాడు. బల్ల మీద నీళ్ల గ్లాసు తప్ప ఏమీ ఉండకూడదు. గదిలోకి ఎవరూ రాకూడదు. పైకి చదవకూడదు. న్యాకుండి పిల్లలిద్దరినీ తీసుకుని ఏడున్నరకే బయటికెళ్లిపోయాడు. గోడ మీది క్యాలెండరు తీసేయమని పర్యవేక్షకుడు తెర మీద రాశాడు. తీసేసింది.

మొదటి నలభై ప్రశ్నలు ఆగకుండా సాగాయి. జాబితాల గురించి వచ్చినవాటికి రెండోసారి చదవాల్సిన అవసరం పడలేదు. ఆ తర్వాత జనాన్ని అడిగి తెలుసుకునే ప్రశ్నలు వచ్చాయి. ఒక సమావేశంలో ఒకరు మాట్లాడరు. ఒక అధికారి ముందు ఒకమాట, వెనక ఒకమాట అంటాడు. ఒక బృందం ఒప్పుకుని ఆచరణలో పెట్టదు. ఇక్కడ ఆ దేశం గుర్తు తెచ్చుకోవాలి. ఆమె ప్రయత్నించింది. అక్కడి మనుషుల ముఖాలు కనపడలేదు. గొడుగులు, చర్చి హాలు, తలుపు పక్క కుర్చీ కనపడ్డాయి. ఒకచోట విడిగా కలవాలి అన్న జవాబు పెట్టింది. తప్పని తెలిసే పెట్టిందో, తెలియక పెట్టిందో తర్వాత ఆమెకు కూడా గుర్తులేదు. ముందుకు వెళ్లిపోయింది.

మూడున్నర గంటల గడువుకు ఇంకా పది నిమిషాలుండగా ఆఖరి బటన్ నొక్కింది. తెర తెల్లగా అయింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బల్ల కింద చేతులు పెట్టకూడదని పర్యవేక్షకుడు రాశాడు. తీసి బల్ల మీద పెట్టింది.

పాస్.

కింద చిన్న పట్టిక ఉంది. ఒక్కో అంశంలో మిగతావాళ్లతో పోలిస్తే ఎలా రాసిందో. ప్రణాళిక, సంబంధం ఉన్నవాళ్ల గుర్తింపు: సగటు కంటే ఎక్కువ. విశ్లేషణ: సగటు. జనం నుంచి సమాచారం రాబట్టడం: సగటు కంటే తక్కువ.

సోమవారం పొద్దున్న ఆమె ఆ కాగితం అచ్చుతీసి మ్వాకియో బల్ల మీద పెట్టింది. ఆయన పైనుంచి కిందిదాకా చదివాడు. ఆఖరి వరస దగ్గర ఆగాడు. గథువా సంతకం ఉన్న కాగితం ఫైలులోంచి తీసి పక్కన పెట్టి, రెండూ ఒకసారి చూశాడు. బల్ల మీద రెండు కాగితాలుండటం ఆమె అప్పుడే చూసింది.

"దీనికి నువ్వు ఒప్పుకుంటావా?"

"పరీక్ష పెట్టినవాళ్ల లెక్క అది సార్."

"కిప్రోనోకు ఇందులో ఎంతొచ్చింది?"

"సగటు కంటే ఎక్కువ."

ఆయన రెండు కాగితాలూ ఫైలులో పెట్టాడు. "జూలైలో నువ్వు ఇక్కడే ఉంటావు. సాయంత్రం పాలు న్జాబినిలో కూడా మొదలుపెట్టాలి. బుధవారం వెళ్లు. అతన్నీ తీసుకెళ్లు, నేర్చుకుంటాడు."

కిప్రోనో తన బల్ల దగ్గర ఆ పట్టిక మూడుసార్లు చదివాడు. మొదటిసారి నవ్వాడు. మూడోసారి నవ్వలేదు.

"నాకు ఎక్కువొచ్చింది. మీకు తక్కువొచ్చింది. మరి నేర్చుకోవాల్సింది నేనెలా అయ్యానక్కా?"

"బండి ఆరింటికి," అంది కెరూబో, న్జాబిని జాబితాకు కొత్త పేజీ తెరుస్తూ. "స్వెటర్ వేసుకురా. అక్కడ చలి."